అత్త కుట్టిన ప్రోటాన్

రబ్బరు బ్యాండ్ల గురించి ఈ దేశంలో ఎవరూ పట్టించుకోరు. ఉల్లిగడ్డ ధర పెరిగితే మోర్చాలు తీస్తారు. రబ్బరు బ్యాండు మాత్రం షోలాపూర్ ఎండకు ఒక్క మే నెల కూడా నిలవక, ముందు బంకలాగా సాగి, ఆపైన ఎండు సేమ్యాలాగా విరిగిపోతే ఏ పేపర్లోనూ రాదు. ఈ విషయంలో నాకు కాస్త పట్టింపు ఉంది. ఎందుకో చెప్పాలంటే 1986కు వెళ్లాలి.

ఆ ఎండాకాలం నేను షోలాపూర్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, దాజీ పేట్‌లో కాపురం ఉంటూ, పుణేలో ఒక ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాను. ఈ మూడింటిలో ఏదీ మరొకదానికి సాయపడేది కాదు. మా తాత సిరిసిల్ల దిక్కు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ ఆగిపోయాడు. ఆ తరువాత ఇంట్లో అందరూ నూలు పట్టుకున్నవాళ్లే. నేనొక్కణ్ణే ప్రోటాన్ పట్టుకున్నాను. మా ఇంటికీ పక్కనున్న పవర్‌లూమ్ షెడ్డుకూ గోడ ఒకటే. మగ్గాలు నడుస్తున్నంతసేపూ మా అల్మారాలో గిన్నెలు మెల్లగా అంచువైపు నడిచేవి. వాటిని మళ్లీ వెనక్కి తోయడం మా ఇంట్లో ఊడవడం, తుడవడం లాంటి పనే.

నా పని పేరు వింటే భయం వేస్తుంది గానీ విషయం సులువు. రెండు ప్రోటాన్లను విపరీతమైన వేగంతో ఢీకొట్టిస్తారు. చాలాసార్లు అవి పగిలి, కొత్త కణాలు కుప్పలుగా పుట్టుకొస్తాయి. లోకమంతా ఆ కుప్పల్లో వెతుకుతూ ఉంటుంది. కొన్నిసార్లు మాత్రం ఏమీ పగలదు, ఏమీ పుట్టదు. వచ్చిన రెండూ కొంచెం దారి మళ్లి, చెక్కుచెదరకుండా వెళ్లిపోతాయి. దీన్ని ఎలాస్టిక్ స్కాటరింగ్ అంటారు. ఎంత కోణంలో ఎన్ని మళ్లాయో లెక్కపెట్టి గ్రాఫు గీస్తే, ప్రోటాన్ లోపల ఎక్కడ ఎంత చిక్కగా ఉందో ఊహించవచ్చు. నాలాంటివాళ్లు ముందే ఒక ఊహ చేసుకుంటారు. నడుమ చిక్కన, అంచుల్లో పలచన అనుకుందాం. అలా ఉంటే గ్రాఫు ఎలా రావాలో లెక్కకట్టి, యంత్రం దగ్గర కొలిచినవాళ్ల గ్రాఫు పక్కన పెట్టి చూస్తారు. ఇదే మోడలింగ్. కలవకపోతే మోడల్‌ను దిద్దుకుంటారు. యంత్రాన్ని దిద్దమని అడిగే ధైర్యం సాధారణంగా ఎవరికీ ఉండదు.

ఆ గ్రాఫు ఎత్తున మొదలై నిట్టనిలువుగా జారి, ఒకచోట గుంతలో పడి, మళ్లీ కాస్త లేచి నెమ్మదిస్తుంది. చిన్న నల్ల బిళ్ల మీద వెలుగు పడితే నీడ దగ్గర వెలుగు, చీకటి వలయాలు వస్తాయి చూడండి, అందులోని చీకటి వలయం లాంటిదే ఈ గుంత. మేం దాన్ని డిప్ అంటాం. అప్పటికి కొద్దికాలం ముందు యూరప్‌లో ఒక ప్రోటాన్ బదులు యాంటీప్రోటాన్‌ను, అంటే చార్జి తిరగబడిన దాని జోడును పంపి కొలిచారు. అక్కడ గుంత లేదు. గుంత ఉండాల్సిన చోట గ్రాఫు మెట్టులాగా ఆగి, కిందికి పోయింది. నా మోడల్లో మాత్రం రెండింటికీ ఒకే గుంత వస్తోంది.

దానికి మందుగా నేను పెద్ద లెక్కకు ఒక చిన్న అదనపు లెక్క కలిపాను. అది ప్రోటాన్‌కు ప్లస్ గుర్తుతో, యాంటీప్రోటాన్‌కు మైనస్ గుర్తుతో వస్తుంది. అయినా ఏడాదిగా ఎన్నిసార్లు నడిపినా రెండు గీతలూ కవల పిల్లల్లాగా ఒకటే వస్తున్నాయి. ఆ చిన్న లెక్కకు బలం చాలడం లేదు, వదిలేయమన్నారు మా ప్రొఫెసర్. నాకు మనసొప్పలేదు. నా థీసిస్‌లో నాదంటూ ఉన్నది అదొక్కటే. మిగిలిందంతా ఇతరులు చెప్పినదాన్ని నేను వినయంగా ఒప్పుకోవడం.

పుణేలోని కంప్యూటర్‌కు ప్రోగ్రామును చిల్లులు కొట్టిన అట్ట కార్డుల మీద ఇవ్వాలి. ఒక్కో వాక్యానికి ఒక్కో కార్డు. ఆ కార్డులను చదివే యంత్రాన్ని తీసేసి టెర్మినళ్లు పెడుతున్నామని కంప్యూటర్ సెంటర్ వాళ్లు చెప్పేశారు. మా ప్రొఫెసర్ ఎవరినో బతిమాలి నాకు చివరి వంతు ఇప్పించారు. నేను చెప్పబోయే రోజుకు మర్నాడు ఉదయమే. ఈసారి కూడా గీతలు విడిపోకపోతే ఆ అధ్యాయం తీసేసి మిగిలింది సమర్పించమన్నారు. గడువు ఇక పొడిగించరు. నేను కూడా సరేనన్నాను. ఆ చిన్న లెక్క బలాన్ని మూడింతలు చేసి, చివరిసారి మొండిగా నడిపి చూద్దామని నా ఆలోచన. సాయంత్రం బండికి వెళ్లాలి. కార్డుల కట్ట రబ్బరు బ్యాండ్లతో బిగించి అల్మారాలో పెట్టి, మధ్యాహ్నం దాకా కాలేజీలో పరీక్ష డ్యూటీకి వెళ్లాను.

ఆ కట్ట గురించి ఒక మాట. కార్డులు కింద పడితే వరుస పోతుంది, వరుస పోతే ప్రోగ్రాము పోతుంది. అందుకని మేమంతా కట్ట పై అంచు మీద మూల నుంచి మూలకు ఏటవాలుగా ఒక రంగు గీత గీసేవాళ్లం. చెదిరిపోయినా, ప్రతి కార్డు అంచు మీదా గీత ఎక్కడ తగిలిందో చూసుకుని మళ్లీ పేర్చుకోవచ్చు. నాది ఎర్ర పెన్సిల్ గీత. కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నాను.

ఇంటికి వచ్చేసరికి నా కట్ట అల్మారాలో లేదు. నడింట్లో ఉయ్యాల కొక్కేనికి వేలాడుతోంది. కార్డు పక్కన కార్డు, దారంతో కుట్టి, చివరి కార్డును మొదటి కార్డుకు కలిపి, నేలను తాకి మళ్లీ పైకి లేచే ఒక పెద్ద దండలాగా. దాని కింద మా బాలవ్వత్త కాళ్లు చాపుకుని కూర్చుని, సూది కొంగుకు గుచ్చుకుంటోంది.

బాలవ్వత్త మా నాన్న చెల్లెలు. నా భార్య సరోజకు తల్లి కూడా. మామ పోయాక మా దగ్గరే ఉండేది. చద్దర్ మీద, అంటే షోలాపూర్ దుప్పటి మీద, పువ్వు రావాలంటే ఏ దారాలు లేవాలో చెప్పే చిల్లుల అట్టలు జకార్డు మగ్గం పైన తిరుగుతుంటాయి. విడివిడి అట్టలను అలా దండగా కుట్టడం ఆమె పని. దాజీ పేట్ షెడ్లలో ఆమె కుట్టిన దండ మధ్యలో తెగిందని ఎవరూ అనలేదు.

"అగో, అల్లుడు వచ్చిండు. చాయ్ తాగి చూడు, ఏం తొందర లేదు" అంది.

"ఏంది అత్తా గిది?"

"ఏందంటే? నీ అట్టలు. పొద్దున అల్మారలకెల్లి కింద వడ్డయి. రబ్బరు తుంపులు తుంపులైంది. దారం లేదు, నంబర్ లేదు, పత్తాల ముక్కల లెక్క ఇల్లంత పడ్డయి. చిల్లులు ఎవడు కొట్టిండో గానీ ఎవడూ కుట్టలే. నేనే కుట్టిన."

మరి వరుస ఎలా తెలిసిందని అడిగాను. నా గొంతు నాకే ఎక్కడో నాలుగు వీధుల అవతల కొంతం చౌక్ నుంచి వస్తున్నట్టు వినిపించింది. వరుస తానే పెట్టానంది అత్త. చిల్లులు తక్కువ ఉన్నవన్నీ రెండు పక్కలా అంచుకు, చిల్లులు గుబురుగా ఉన్నవన్నీ నడుమ పువ్వుకు, ఒకేలాంటివి పక్కపక్కన. అంటే నా ప్రోగ్రామును ఆమె అందాన్ని బట్టి పేర్చింది. నిజం చెప్పాలంటే చూడటానికి బాగుంది. ఏ కంప్యూటరూ ఆ వరుసలో ఒక్క అడుగు వేయలేదు.

పైన ఎర్ర మరక అంటి ఉంటే తడిగుడ్డ పెట్టి తుడిచానని కూడా చెప్పింది. సగమే పోయిందట. పాడు మరక అట.

అత్త ఇంకా చెబుతూనే ఉంది. "నేనేమనుకున్ననంటే, గింత సదువు సదివి ఆఖరికి మనోడు మన పనికే వచ్చిండు. కొత్త తీరు మగ్గం ఏదో వచ్చింది, దానికి చిన్న అట్టలు. మంచిగనిపించింది బిడ్డా."

ఇక్కడ నా చిక్కు మీకు అర్థం కావాలి. మేనత్త మీద కోపం వస్తే అత్తగారితో మొర పెట్టుకోవచ్చు. అత్తగారి మీద వస్తే మేనత్తతో చెప్పుకోవచ్చు. నాకు రెండు దారులూ ఒకే గుమ్మానికి వెళ్లేవి. నేను దండ కింద నిలబడి చాయ్ తాగాను.

మాట్లాడింది సరోజ. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నదల్లా తల ఎత్తకుండానే అంది: "అమ్మా, ఇప్పు."

"ఏంది ఇప్పేది?"

"కుట్టంత. ఆయన మొఖం చూస్తలేవా? రేపు పొద్దుగాల గవి పుణేల ఉండాలె. వరుస తప్పితే ఆయన సదువు అక్కడికే బందు."

అత్త పనిలో కుట్టింది విప్పడమంటే మామూలు విషయం కాదు. పువ్వు తప్పు పడితేనే విప్పుతారు. విప్పడమంటే తప్పు కుట్టానని నలుగురి ముందు ఒప్పుకోవడం. ఆమె నావైపు తిరిగింది. కోపం వచ్చినప్పుడు ఆమె నన్ను అల్లుడా అని పిలవదు. మరాఠీలో జావయ్‌బాపూ అంటుంది. అల్లుడుగారూ అని అర్థం, మర్యాద అనిపించేది అర్థంలోనే.

"చెప్పు జావయ్‌బాపూ. ఒక్క సూది లోపటి చిల్లుల మీద పడ్డదా? ఒక్క అట్ట వంకర పోయిందా? తప్పు చూపియ్యి, ఇప్పుత."

చూశాను. సూది చిల్లులన్నీ కార్డు అంచున, అక్షరాల చిల్లులకు దూరంగా, గీత గీసినట్టు ఉన్నాయి. తప్పేమీ లేదన్నాను. ఇది వేరే పువ్వు అన్నాను. ఆమె కత్తెర తీసి, కొక్కెం దగ్గర దారాన్ని కత్తిరించి, దండ కిందికి జారుతుంటే గోడవైపు తిరిగి కూర్చుంది. అయినా వెనక్కి చేయి చాచి దారాలు లాగడం మాత్రం ఆమే మొదలుపెట్టింది. మేమిద్దరం లాగితే అంచులు చిరుగుతాయట.

అంతలో కరెంటు పోయింది. పక్క షెడ్డులో మగ్గాలు ఒకదాని తరువాత ఒకటి నీరసించి ఆగిపోయాయి. దాజీ పేట్‌లో పెరగనివాళ్లకు ఆ నిశ్శబ్దం చెప్పినా తెలియదు. మనం అప్పటిదాకా అరిచి మాట్లాడుతున్నామని అప్పుడు గుర్తొస్తుంది.

నేల మీదికి వంగి కూర్చుని కార్డులు పేర్చడం మొదలుపెట్టాం. ఎర్ర గీత మిగిలినవి త్వరగానే దారికొచ్చాయి. సరోజ బీడీల కట్టలు చూపుతోనే కొలిచే మనిషి, నాకంటే వేగంగా పేర్చింది. చిక్కల్లా తడిగుడ్డ పడ్డ కార్డులతోనే. అవి ప్రోగ్రామ్ నడుమ భాగం, అసలు లెక్క ఉన్న భాగం. పాత ప్రింటు కాగితాలన్నీ పుణేలో మా ప్రొఫెసర్ దగ్గర ఉన్నాయి. చిల్లులు చూసి వాక్యం చదవడం నాకు అలవాటే గనక ఒక్కో కార్డూ వెలుగుకు పెట్టి చదువుతూ, ఇది ఎక్కడ ఉండాలి, ఎందుకు ఉండాలి అని మొదటి నుంచి ఆలోచించక తప్పలేదు.

సరోజ ఊరికే అందించదు. ప్రతి కార్డుకూ ఇది ఏం చేస్తుందని అడిగింది. ఇది ప్రోటాన్ నడుమ నుంచి ఇంత ఎడంగా పోతే ఎంత అడ్డు తగులుతుందో చెబుతుంది, ఇది ఆ అడ్డులన్నీ కూడుతుంది అని చెబుతూ పోయాను. గుంత దగ్గరికి వచ్చేసరికి పక్క షెడ్డు గోడ వైపు చెయ్యి చూపాను.

"ఇప్పుడు మగ్గాలు బందైనయి గద, ఏం ఇనవడుతుంది?" అన్నాను.

ఆమె చెవి పెట్టింది. "పక్కింట్ల రాజన్న తాత దగ్గుతుండు."

"ఇప్పుడే షురూ జేసిండా?"

"ఎప్పుడూ దగ్గుతనే ఉంటడు. మగ్గాల లొల్లిల ఎవరికి ఇనవడుతది?"

"గుంత అంటే గదే. పెద్ద లెక్క అక్కడికొచ్చి సున్న అయితది. అప్పుడు చిన్న లెక్క ఇనవడుతది. ప్రోటాన్‌కు ఆ దగ్గు గుంతను లోతుగ జేస్తది, యాంటీప్రోటాన్‌కు పూడుస్తది. జెయ్యాలె. జేస్తలేదు."

"ఎందుకు జేస్తలేదు?"

దగ్గుకు బలం చాలడం లేదని చెప్పబోయాను. చేతిలో అప్పటికి రెండు కార్డులు మిగిలాయి. ఒకటి పెద్ద లెక్కనూ చిన్న లెక్కనూ కూడే కార్డు. రెండోది ప్లస్ లేదా మైనస్ గుర్తు పెట్టే కార్డు. రెండింటి మీదా ఎర్ర గీత తుడిచిపెట్టుకుపోయింది. ఏది ముందో చెప్పేవాళ్లు లేరు. అలవాటు కొద్దీ కూడే కార్డు ముందు పెట్టి, దాని వెనక గుర్తు కార్డు పెట్టాను. పెట్టి, రాజన్న తాత దగ్గు వింటూ అలాగే ఉండిపోయాను.

ముందు కూడి తరువాత గుర్తు మారిస్తే, దగ్గు ఒక్కటే తిరగబడదు. మగ్గాలూ దగ్గూ కలిసి తిరగబడతాయి. యంత్రం కొలిచేది ఆ మొత్తానికి వర్గం, అంటే దాన్ని దానితోనే గుణించిన సంఖ్య. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ఏమవుతుందో ఏడో తరగతి పిల్లలు కూడా చెబుతారు. ఏడాది పొడుగునా నేను గల్లీ మొత్తాన్ని తలకిందులు చేసి, ఏమీ మారలేదేమని చూస్తూ కూర్చున్నానన్నమాట. బలం చాలక కాదు. మూడింతలు చేసినా, ముప్పై ఇంతలు చేసినా రెండు గీతలూ ఒకటే వచ్చేవి.

గుర్తు కార్డు తీసి ముందు పెట్టాను. అంతే జరిగింది. ఒక అట్ట ఇంకో అట్టకు ముందు వచ్చింది.

"ఏందో నవ్వుతున్నవ్?" అంది సరోజ. ఏం లేదన్నాను. ఏడాది తరువాత దొరికిన దాన్ని అంతకంటే పెద్ద మాటతో చెప్పడం నాకు రాదు.

రబ్బరు బ్యాండ్లు లేవు గనక సరోజ కట్టను బీడీల దారంతో కట్టింది. అత్త ఆ ముడి చూసి పెదవి విరిచింది గానీ సాయం చేయలేదు. చద్దర్ ముక్కలో చుట్టుకుని బండెక్కాను.

పుణేలో ఆపరేటర్ కార్డులు చేతిలోకి తీసుకుని, అంచున సూది చిల్లులు చూసి, వీటికి ఏమైనా జబ్బు చేసిందా అని మరాఠీలో అడిగాడు. యంత్రం ఇరుక్కుంటే బాధ్యత తనది కాదన్నాడు. మా ప్రొఫెసర్ వచ్చి పక్కన నిలబడ్డారు. కార్డులు ఒక్కొక్కటీ లోపలికి వెళ్లాయి. ఒక్కటీ ఇరుక్కోలేదు. మొదటిసారి ప్రోటాన్. తరువాత ఒక్క కార్డు మార్చి, ప్లస్ తీసి మైనస్ పెట్టి, యాంటీప్రోటాన్. చిన్న లెక్క బలాన్ని నేను ముట్టుకోలేదు.

అప్పట్లో గ్రాఫులు గీతలుగా వచ్చేవి కావు. పొడుగాటి కాగితం మీద చుక్కల బదులు నక్షత్రం గుర్తులు పడేవి. ప్రోటాన్ నక్షత్రాలు దిగి, గుంతలో పడి, లేచాయి. యాంటీప్రోటాన్ నక్షత్రాలు దిగి, అక్కడే మెట్టు మీద కూర్చున్నట్టు ఆగి, మళ్లీ దిగాయి. ప్రొఫెసర్ ఆ రెండు కాగితాలనూ కొలిచినవాళ్ల గ్రాఫునూ కిటికీ అద్దానికి ఆనించి ఒకదాని మీద ఒకటి పెట్టారు. నా గీత మొదట్లో కొంచెం ఎత్తు ఎక్కువ ఉంది, అది ఇప్పటికీ ఎక్కువే. గుంత మాత్రం ఉండాల్సిన చోటే ఉంది. మెట్టు కూడా.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఏం మార్చావని అడిగారు.

"రెండు కార్డుల వరుస, సార్."

"మరి ఈ చిల్లులు?"

"అది షోలాపూర్ పద్ధతి, సార్."

దాన్ని ఆయన నమ్మారో లేదో నాకు తెలియదు. ఆ తరువాత ఆయన దగ్గర చేరిన విద్యార్థులు కార్డుల రోజులు పోయాక కూడా ఆ పద్ధతి ఏమిటని నన్ను అడిగేవారు.

అలాంటి చిన్న లెక్కతో గుంతను పూడ్చినవాళ్లు విదేశాల్లో అంతకుముందే ఉన్నారు. నాకంటే బాగా చేసినవాళ్లు తరువాతా వచ్చారు. నేను మొదటివాణ్ణీ కాదు, చివరివాణ్ణీ కాదు. కానీ ఆ ఏడాది నా మోడల్లో ప్రోటాన్‌కూ యాంటీప్రోటాన్‌కూ తేడా తెలిసింది దాజీ పేట్‌లో, కరెంటు పోయినప్పుడు. ఈ సంగతి చెప్పేటప్పుడు నేను గొంతు తగ్గించను. థీసిస్ మొదటి పేజీలో కృతజ్ఞతల కింద, కార్డులను పూర్తిగా కొత్త వరుసలో అమర్చినందుకు బాలవ్వగారికి అని రాశాను. వైవాలో పరీక్షకుడు ఆమె ఏ సంస్థలో పనిచేస్తారని అడిగాడు. స్వతంత్రంగా చేస్తారని చెప్పాను. అబద్ధం కాదు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒకటుంది. రిటైరయ్యేదాకా పిల్లలకు చెబుతూనే వచ్చాను. చక్కగా వరుసలో ఉన్నదాన్ని ఎవరూ చదవరు. వరుస ఉంది గదా అని నమ్మి ముందుకు పోతారు. తప్పు అక్కడ హాయిగా కాపురం పెడుతుంది. కాబట్టి అప్పుడప్పుడు మన లెక్కను మనమే ముక్కలు చేసి నేల మీద పోసుకుని, ఒక్కో ముక్కా ఎందుకుందో లెక్క తెలియని మనిషికి చెబుతూ మళ్లీ పేర్చాలి. ఈ పనికి అత్తగారిని పెట్టుకొమ్మని నేను సలహా ఇవ్వను. మాకు కుదిరిందంతే.

థీసిస్ బైండింగై వచ్చిన రోజు మొదటి ప్రతి ఇంటికి తెచ్చి, గ్రాఫులున్న పేజీ తీసి బాలవ్వత్త ఒళ్లో పెట్టాను. ఆ మధ్యాహ్నం తరువాత ఆమె నా కార్డుల ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, చేతులు కొంగుకు తుడుచుకుని, వేలితో గుంత వెంట దిగి ఎక్కింది. తరువాత మెట్టు వెంట నడిచింది. పేజీ తిప్పి వెనక చూసింది. వెనక తెల్లగా ఉంది. మళ్లీ ముందుకు తిప్పింది. సరోజ చాటలో చేయి ఆపి చూస్తోంది. అత్త పుస్తకం మూసి, నా చేతికిచ్చింది.

"గిదేనా, జావయ్‌బాపూ? గీ రెండు వంకర గీతల కోసం అంత మంచి కుట్టు ఇప్పిచ్చినవ్."